కారు కిందికి దించే సంగతి తర్వాత, ముందుగా టైరు మీది నాలుగంకెలు చూడండి

మీరు అడిగింది ఇదీ: "సెకండ్ హ్యాండ్‌లో ఒక రియర్ వీల్ డ్రైవ్ (ఇంజను వెనక చక్రాలని తిప్పే) స్పోర్ట్స్ కారు కొన్నాను. సిగ్నల్ పడగానే గట్టిగా తొక్కితే వెనకంతా దడదడలాడుతోంది, బండి మాత్రం కదలట్లేదు. గట్టి స్ప్రింగులు వేయించి కాస్త కిందికి దించితే పట్టు పెరుగుతుందా?"

పెరగదండీ. దించితే ఉన్న పట్టు కూడా పోతుంది. నేను సరిగ్గా ఇదే పని చేసి, ఆ తర్వాత ఒక యాక్సిల్ విరగ్గొట్టుకున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు మా పెదనాన్నగారి అంబాసిడర్ సంగతి చెప్పాలి. చిన్నప్పుడు కార్తీక మాసంలో వనభోజనాలకి రావులపాలెం దగ్గర గోదావరి లంకలోకి వెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు ఇసుకలో వెనక చక్రాలు దిగబడ్డాయి. డ్రైవరు కంగారుపడి రేజ్ చేసినకొద్దీ చక్రం తన గొయ్యి తనే తవ్వుకుంటోంది. పెదనాన్న పంచె ఎగ్గట్టి దిగి, "రేజ్ చెయ్యకు, ఇంకా కూరుకుపోద్ది" అని అతన్ని ఆపి, మా వైపు తిరిగి "పిల్లలందరూ డిక్కీ ఎక్కండర్రా" అన్నారు. ఆరుగురం ఎక్కాం. మిట్టమధ్యాహ్నం, రేకు తొడలకి చురుక్కుమంటోంది. "ఇప్పుడు సెకండ్ వేసి క్లచ్ మెల్లిగా వదులు" అన్నారు. బండి మూలుగుతూ, చక్రం ఒక్కసారి కూడా ఊరికే తిరక్కుండా, గట్టు మీదికొచ్చేసింది. ఇంజను అదే, ఇసుక అదే. మారినవి రెండే: తిప్పే చక్రాల మీద బరువు పెరిగింది, ఆ చక్రాలకి వెళ్ళే బలం తగ్గింది.

ఇరవై ఏళ్ళ తర్వాత డల్లాస్ శివార్లలో ఉద్యోగం చేసుకుంటూ 5 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజనున్న రెండు తలుపుల కూపే ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు ఆ ఇసుక నాకు గుర్తు రాలేదు. రావాల్సింది.

మీరూ ఒకసారి కాగితం మీద లెక్క వేసుకోండి. నా కారు నాతో కలిపి సుమారు 1,750 కిలోలు. నిలబడి ఉన్నప్పుడు అందులో 47 శాతం, అంటే 820 కిలోల చిల్లర వెనక చక్రాల మీద ఉంటుంది. ముందుకు దూకినప్పుడు ముందు చక్రాల మీది బరువు కొంత వెనక్కి వస్తుంది. ఎంత వస్తుందన్నది, కారు బరువు కాక, ఇంకో మూడిటిమీదే ఆధారపడుతుంది: ఎంత గట్టిగా దూకుతోంది, బరువు కేంద్రం నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, ముందు వెనక చక్రాల మధ్య దూరం ఎంత. నా కారుకి ఆ ఎత్తు అర మీటరు అనుకోండి, చక్రాల మధ్య దూరం 2.72 మీటర్లు. గురుత్వ త్వరణంలో సగం త్వరణంతో దూకితే వెనక్కి వచ్చేది 160 కిలోలు. ఇద్దరు పెద్దమనుషులు డిక్కీ ఎక్కి కూర్చున్నట్టే. వెనక టైర్ల మీద మొత్తం 980 కిలోలు అయింది కదా, మామూలు పొడి రోడ్డు మీద మామూలు టైరు అందులో 90 శాతం దాకా పట్టుగా మార్చగలదు. అంటే దాదాపు 880 కిలోల తోపుడు. అంతకుమించి ఆ టైరు ఇవ్వలేదు.

ఇంజను ఎంత ఇస్తోందో కూడా చూడండి. 542 న్యూటన్ మీటర్ల టార్కు (తిప్పే బలం), ఒకటో గేరులో 3.66 రెట్లు, వెనక ఇరుసు దగ్గరి క్రౌన్ గేరులో మళ్ళీ 3.55 రెట్లు. మధ్యలో గేర్లలో పోయేది తీసేసినా చక్రం దగ్గరికి వచ్చేసరికి 1,800 కిలోల తోపుడు! టైరు మోయగలిగినదానికి రెట్టింపు. రెండో గేరులో కూడా 1,190. మూడో గేరుకి వస్తే గానీ ఇంజనూ టైరూ సమానం కావు. ఇంకో యాభై గుర్రాల బలం కోసం ట్యూనింగుకి, సైలెన్సర్‌కి వేలకి వేలు పోసేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఒకటో గేరులో ఉన్న బలంలోనే సగం వాడలేని కారుకి ఇంకా బలం ఎందుకు?

ఇంకొకటి గమనించారా? ఆ బరువు లెక్కలో స్ప్రింగు ఎక్కడా లేదు. స్ప్రింగు మెత్తనైనా గట్టిదైనా వెనక్కి వచ్చే బరువు అంతే. వెనక భాగం ఎంత కుంగుతుంది, ఎంత త్వరగా కుంగుతుంది అన్నదే స్ప్రింగూ షాకులూ (షాక్ అబ్జార్బర్లు) తేల్చేది. వెనక బాగా కుంగితే బాగా పట్టుకుందని చాలామంది నమ్ముతారు. కుంగడం కంటికి కనిపిస్తుంది, పట్టు కనిపించదు, అందుకని. పైగా కారుని 30 మిల్లీమీటర్లు దించితే బరువు కేంద్రం కూడా దాదాపు అంతే దిగుతుంది, దాంతో వెనక్కి రావలసిన 160 కిలోల్లో ఒక పది కిలోలు తగ్గిపోతాయి. మలుపుల్లో దానివల్ల లాభం ఉంది, కాదనను. నిలబడ్డచోటు నుంచి దూకడానికి మాత్రం నష్టమే. నాకు స్ప్రింగులు అమ్మిన షాపువాడు "లో చేస్తే గ్రిప్ పెరుగుతుంది" అని ఎంత ధీమాగా చెప్పాడో! నేనూ నమ్మి వేయించాను.

2019 నవంబరులో ఒక శుక్రవారం రాత్రి, మా ఊరికి గంట దూరంలో ఉన్న డ్రాగ్ స్ట్రిప్‌లో (మలుపుల్లేని పందేల ట్రాకు) ఎవరి కారైనా తెచ్చుకుని పావు మైలు పరుగెత్తించుకోవచ్చన్నారు. మా ఆవిడనీ తీసుకెళ్ళాను. చలిగా ఉంది, పది డిగ్రీలు ఉంటుందేమో. స్టార్టింగ్ లైన్‌కి కాస్త ముందు నీళ్ళు పోసి ఉంచిన మడుగు ఉంటుంది. అది గాట్లు లేని రేసింగ్ టైర్లవాళ్ళు చక్రం తిప్పి వేడి చేసుకోవడానికి. రోడ్డు టైర్లవాళ్ళు దాన్ని పక్కనుంచి దాటి వెళ్ళాలి, ఎందుకంటే టైరు గాట్లలో నీళ్ళు చేరి సరిగ్గా దూకాల్సిన చోటే కారుతాయి. నాకు తెలీదు. మడుగులోంచే వెళ్ళాను. లైన్ దగ్గర నిలబడ్డతను రెండు చేతులూ ఎత్తి తల పట్టుకున్నాడు.

పచ్చలైటు పడింది. ఇంజన్ని నిమిషానికి 4,500 చుట్ల దాకా రేజ్ చేసి క్లచ్ ఒక్కసారి వదిలేశాను. వెనక ఎవరో సమ్మెటతో కొడుతున్నట్టు ధడ్‌ధడ్‌ధడ్‌ధడ్. సీటు కాదు, నా పళ్ళు అదిరాయి. అద్దంలో వెనక వచ్చేవాళ్ళ లైట్లు రెండేసిగా కనిపిస్తున్నాయి. భయపడి కాలు తీశాను, మళ్ళీ తొక్కాను. చివర్లో ఇచ్చిన చీటీలో మొదటి 60 అడుగులకి 2.61 సెకన్లు అని ఉంది. పక్క లైనులో వచ్చిన ఫ్యామిలీ సెడాన్ అంతకంటే ముందు దాటింది.

పక్కన పాత పికప్ ట్రక్కుతో డెబ్భై ఏళ్ళ పెద్దాయన ఉన్నాడు. పిలవకుండానే వచ్చి నా వెనక టైరు దగ్గర గొంతుక్కూచుని బొటనవేలి గోరు రబ్బరులోకి నొక్కాడు. దిగలేదు. తన ట్రక్కు టైరు మీద నొక్కి చూపించాడు, గోరు గుర్తు పడింది. టైరు పక్కన చిన్న కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు చూపించాడు: 2214. అంటే 2014లో ఇరవై రెండో వారంలో తయారైన టైరు. గాట్లు సగానికి పైగా ఉన్నాయి కదా అని నేను వాటిని కొత్తవాటి కిందే లెక్కేసుకున్నాను. ఐదేళ్ళలో రబ్బరు కట్టెలా అయిపోయింది. పైగా అవి ఎండాకాలపు టైర్లు. ఏడు డిగ్రీల దగ్గరికొచ్చేసరికి కొత్తవైనా బిగుసుకుపోతాయి. "ఫోన్లో స్లో మోషన్ తీయించుకో, కారు ఏం చేస్తోందో నీకే తెలుస్తుంది" అని చెప్పి వెళ్ళిపోయాడు.

రెండోసారి మా ఆవిడ కంచె దగ్గర నిలబడి తీసింది. నేను మళ్ళీ అలాగే వదిలాను. మళ్ళీ అదే ధడ్‌ధడ్, నాలుగైదు దెబ్బల తర్వాత ఠాప్‌మని ఒక్క చప్పుడు. ఇంజను అరుస్తోంది, కారు మాత్రం ఉన్నచోటే. కుడి చక్రానికి వెళ్ళే యాక్సిల్ విరిగింది. నలుగురు పట్టి పక్కకి తోశారు, అందులో ఆ పెద్దాయనా ఉన్నాడు.

టో ట్రక్కు కోసం చూస్తూ వీడియో పెట్టుకున్నాం. "ఏవండీ, బండి ముందుకి కాదండీ, పైకి పోతోంది" అంది తను. నిజమే. టైరు మొదట నేలని పట్టుకుంటోంది, దాని పక్కగోడ ముడత పడి మెలి తిరుగుతోంది, చక్రంతోపాటు ఇరుసూ దాన్ని పట్టుకున్న ఫ్రేమూ అన్నీ ఒక పక్కకి ఒరుగుతున్నాయి. అక్కడ పట్టు తెగుతోంది. మెలిపడ్డదంతా ఒక్కసారిగా విప్పుకుని చక్రం నేల మీంచి లేస్తోంది. పడగానే మళ్ళీ పట్టుకుంటోంది. సెకనుకి 240 ఫ్రేముల వీడియోలో ఒక్కో గెంతుకి ఇరవై ఫ్రేములు లెక్కపెట్టాం. అంటే సెకనుకి పన్నెండు గెంతులు. ఒక్కో గెంతులోనూ యాక్సిల్ మీద సమ్మెట దెబ్బ పడుతోంది. ఊరికే తిరిగే చక్రం యాక్సిల్‌ని విరగ్గొట్టదు, పట్టీ వదిలీ పట్టే చక్రం విరగ్గొడుతుంది. మీకు వస్తున్న దడదడ కూడా ఇదేనని నా నమ్మకం. దీన్నే వీల్ హాప్ అంటారు. పాత అంబాసిడర్లలో కమాన్ కట్టలు ఎస్ ఆకారంలో మెలిపడి విప్పుకునేవి. ఇప్పటి కార్లలో కట్టల బదులు రబ్బరు బుష్షులు (కీళ్ళ దగ్గర వేసే రబ్బరు దిండ్లు) మెలిపడుతున్నాయి, అంతే తేడా.

కారు లిఫ్టు ఎక్కించాక ఇంకొకటి బయటపడింది. వెనక షాకుల మీద ఉండే రబ్బరు స్టాపులు నల్లగా నిగనిగలాడుతున్నాయి, ఒక పక్క చిట్లాయి కూడా. దించిన స్ప్రింగుల వల్ల వెనక కుంగడానికి జాగా మిగల్లేదు. క్లచ్ వదలగానే కుంగి రబ్బరుకి గుద్దుకుంటోంది. గుద్దుకున్న క్షణం నుంచి అక్కడ స్ప్రింగూ లేదు, షాకూ లేదు, దుంగ మీద కట్టిన చక్రమే. రోడ్డు మీద చిన్న గతుకు వచ్చినా టైరు దాన్ని అనుసరించలేక ఎగురుతుంది. సస్పెన్షన్‌కి హద్దు ఇదే, కదలడానికి జాగా అయిపోవడం. దించినందుకు ఇంకో శిక్ష, చక్రాల పైభాగం లోపలికి వాలిపోయి టైరు లోపలి అంచు మీదే నిలబడింది. లోపలి అంచు అరిగి గుండు అయిపోయింది, బయటి సగం కొత్తగా ఉంది. అంత వెడల్పు టైరుకి డబ్బు పెట్టి వాడుకున్నది సగమే.

బాగు చేయించుకున్నది చెబుతాను. యాక్సిల్ ఎలాగూ మార్చాలి. పాత స్ప్రింగులే తిరిగి వేయించాను. వెనక ఫ్రేము బుష్షుల్లో ఊగకుండా గట్టి పాలీయురేథేన్ ముక్కలు బిగించాను, చక్రాల వాలు సరిచేయించాను, రెండు కొత్త టైర్లు కొన్నాను. అన్నిట్లోకీ టైర్లే ఖరీదు, అన్నిట్లోకీ పని చేసిందీ టైర్లే. మార్చిలో అదే స్ట్రిప్‌కి వెళ్ళి మడుగు పక్కనుంచి నడిపి, 2,500 దగ్గర క్లచ్‌ని ఒక్కసారిగా కాక జారుస్తూ వదిలితే 2.04 వచ్చింది. తర్వాత డ్రాగ్ రేడియల్ టైర్లు (ఇలాంటి పందేల కోసం మెత్తటి రబ్బరుతో చేసేవి) వేస్తే 1.73. ఇంజను మీద ఒక్క డాలరు పెట్టలేదు.

టైరు అసలు జారకూడదని కూడా అనుకోకండి. కారు వేగం కంటే పదో పదిహేనో శాతం ఎక్కువ తిరుగుతున్నప్పుడే టైరు అన్నిటికంటే గట్టిగా పట్టుకుంటుంది. ఆ పైన పట్టు పడిపోతుంది. పాదంతో ఆ పది శాతం దగ్గర నిలబెట్టడమే విద్య. మంచి డ్రైవర్ల కారు కూతపెట్టదు, పొగపెట్టదు, చిన్నగా గుర్రుమంటుంది. పొగ అంటే పట్టు దాటిపోయిందని అర్థం, దానికి చప్పట్లు కొడుతున్నారు జనం!

వెనక బరువు ఎంత ముఖ్యమో చూడాలంటే అమెరికన్ స్పోర్ట్స్ కారు కార్వెట్‌ని చూడండి. దశాబ్దాలపాటు ఇంజను ముందుండే ఆ కారుకి 2020 మోడల్‌లో ఇంజన్ని సీట్ల వెనక్కి మార్చారు. వెనక చక్రాల మీద బరువు 60 శాతం అయింది. అంతకుముందు 460 హార్స్‌పవర్‌తో 60 మైళ్ళ వేగానికి 3.7 సెకన్లు పట్టేది, 495తో 2.9కి వచ్చింది. కొత్త గేర్‌బాక్సుకీ అందులో వాటా ఉంది, కానీ 35 హార్స్‌పవర్ వల్ల అంత తేడా రాదు. పోర్షే 911 అన్నేళ్ళుగా ఇంజన్ని వెనక ఇరుసుకి కూడా అవతల వేలాడదీసుకుని తిరుగుతోంది, దూకడంలో దాని మంచితనమంతా అక్కడే ఉంది. మారుతి 800 లాంటి ముందు చక్రాల బండ్లకి దూకినప్పుడల్లా తిప్పే చక్రాల మీంచే బరువు వెనక్కి పోతుంది, పాపం.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పి తీరాలి. ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం ఊరికే తిరక్కుండా ఆపే ఏర్పాటు) ఆపేసి నడిపితేనే మొనగాడన్న పిచ్చి ఒకటి మనవాళ్ళలో బాగా ఉంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద తీసిన రీల్స్ నాకు ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు. అక్కడ గంటకి 120 కిలోమీటర్ల దాకా వెళ్ళొచ్చు, ఆ 120లో కూడా తొలకరి వాన పడ్డ గంటలో రోడ్డు మీది నూనె పైకి తేలినప్పుడు వెనక చక్రాల కారు ఎలా తిరుగుతుందో అనుభవించినవాళ్ళకే తెలుసు. మలుపులో ఉన్నప్పుడు టైరు పట్టులో ఎక్కువ భాగం కారుని పక్కకి జారకుండా ఆపడానికే ఖర్చవుతుంది. మిగిలిన కాస్తే తోయడానికి. అప్పుడు తొక్కితే వెనక భాగం బయటికి పోతుంది. పోయిందని భయపడి కాలు ఒక్కసారి పూర్తిగా తీస్తే బరువు ముందుకి పోయి వెనక ఇంకా తేలికవుతుంది, బొంగరమే. కార్ల మీట్ల నుంచి బయటికొస్తూ అందరూ చూస్తున్నారని తొక్కి జనంలోకి దూసుకెళ్ళినవాళ్ళ వీడియోలన్నిట్లోనూ ఇదే కథ: చల్లటి టైర్లు, చక్రం కొంచెం తిప్పి ఉండటం, కాలు మొత్తం నొక్కడం, తర్వాత మొత్తం తీయడం. అమెరికాలో 2012 మోడల్ నుంచి ప్రతి కారుకీ స్టెబిలిటీ కంట్రోల్ (కారు ఇలా బొంగరంలా తిరక్కుండా ఆపే ఏర్పాటు) తప్పనిసరి చేసింది ఊరికే కాదు. రోడ్డు మీద ఈ రెంటినీ ఆపకండి.

ఇక మీ కారు. ముందుగా నాలుగు టైర్ల మీదా ఆ నాలుగంకెలు చూడండి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. నాకు కారు అమ్మిన డీలరు వెనక రెండూ రెండు రకాలవి వేసి అంటగట్టాడు, మీకూ అలా జరిగిందేమో చూసుకోండి. వేలి గోరు నొక్కండి. తర్వాత లిఫ్టు ఎక్కించి షాకుల మీది రబ్బరు స్టాపులు నిగనిగలాడుతున్నాయేమో, వెనక ఫ్రేము బుష్షులు చిట్లాయేమో మెకానిక్‌తో కాదు, మీ కళ్ళతో మీరే చూడండి. మీకంటే ముందు ఎవరైనా కారుని దించి ఉంటే పాత స్ప్రింగులు వెతికి వేయించండి. అప్పటిదాకా సిగ్నల్ దగ్గర దడదడ మొదలవగానే కాలు సగం తగ్గించండి, తొక్కుతూ ఉంటే తర్వాత వినిపించేది ఆ ఠాప్. అంకెలేమున్నాయో ఇక్కడే రాయండి, ఏ టైర్లు కొనాలో అప్పుడు చెబుతాను.